అల్లిక ఉందంటే అల్లినవాడు ఉన్నట్టేనా?

పడుగుపేక

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. సంగతి మా ఇంట్లోనే మొదలైంది. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చాడు. సాయంత్రం దీపం పెట్టమంటే "ఎవరున్నారని పెట్టాలి నాన్నా?" అన్నాడు. ఎదిరించినట్టు కాదు, నిజంగానే అడిగాడు. నాకు కోపం రాలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. చిటికి పని తెలియనివాళ్ల కోసం చెప్తాను. మేం బట్ట నేశాక రంగు అద్దం. పనంతా నేయకముందే, దారం మీదే జరుగుతుంది. డిజైన్ గ్రాఫ్ కాగితం మీద గీస్తాం. ఆసు అనే చట్రానికి చుట్టిన పేక నూలుకు, అంటే అడ్డపోగులకు, లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కడతాం. కట్టిన చోట రంగు అంటదు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని విప్పి, కొన్ని మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచుతాం. ఆ దశలో నూలు చూస్తే కొత్తవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఎక్కడపడితే అక్కడ మరకల్లా ఉంటుంది. అదే మగ్గం ఎక్కి పోగు పక్కన పోగు చేరుతుంటే, ముందు ముక్కు, తర్వాత మెడ, చిలుక బయటికొస్తుంది. ఆ చిలుక మగ్గంలో లేదు, నూల్లో లేదు. కట్టినవాడి తలలో ఉంది.

నాకు లోకం కూడా అలాగే కనిపిస్తుంది. తల్లి కడుపులో ఆవగింజంత పిండం. అందులో ముక్కెక్కడో, వేలెక్కడో ముందే ఎవరో ముడి కట్టి పెట్టినట్టు, నెలలు గడిచేకొద్దీ ఒక్కొక్కటే బయటపడుతుంది. ఈ ముడులు కట్టినవాడు లేడంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. మావాడికి ఏం చెప్పాలి? నా ఆలోచనలో తప్పుంటే తప్పని కూడా చెప్పండి, ఏమీ అనుకోను.

తర్కపాఠి

అన్నా, మీరు మగ్గం ముందు కూర్చుని ఆలోచించిన మాటే మన నైయాయికులు, అంటే పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం వాళ్లు, కుండను చూసి ఆలోచించారు. అన్నంభట్టు తెలుగువాడే, 17వ శతాబ్దం. ఆయన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం మొదలుపెట్టేవాళ్లకు తొలి పుస్తకం. దానికి ఆయనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ వాదం ఒక్క వాక్యంలో ఉంది: భూమి, మొలక మొదలైనవి కర్త వల్ల పుట్టినవి, కార్యాలు కాబట్టి, కుండలాగా.

ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా చూడాలి. కార్యం అంటే ఒకప్పుడు లేకుండా, తర్వాత కలిగినది. కర్త అంటే దేనితో చేయాలో ఎరిగి, చేయాలని కోరి, పూనుకుని చేసినవాడు. మట్టి సంగతి తెలియని కుమ్మరి ఉండడు. జగత్తుకు ముడిసరుకు పరమాణువులు అనుకుంటే, వాటన్నిటినీ ఎదురుగా చూస్తున్నట్టు ఎరిగినవాడే దానికి కర్త కావాలి. సర్వజ్ఞుడు అనే మాట అలా వస్తుంది.

అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందే మిథిలలో ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి అని ఒక గ్రంథమంతా ఈ పనికే రాశాడు. మీ వాదానికీ వాళ్ల వాదానికీ ఒక తేడా ఉంది. మీరు డిజైన్ బాగుంది కాబట్టి చేసినవాడు ఉన్నాడంటున్నారు. వాళ్ల ప్రధాన హేతువు అందం కాదు, పుట్టుక. వంకర కుండకైనా కుమ్మరి ఉండాల్సిందే కదా.

నల్లరేగడి

చదువుకున్నవాళ్ల మధ్య మాట్లాడుతున్నాను, తప్పయితే దిద్దండి. మా చేను గట్టున ఒక పుట్ట ఉంది, నా ఎత్తు ఉంటుంది. రెండేళ్ల కిందట వర్షానికి ఒక పక్క విరిగితే లోపల చూశాను. అరలు అరలుగా గదులు, గాలి పోవడానికి గొట్టాల్లాంటి దారులు, అడుగున స్పాంజిలా మెత్తటి ముద్దలు. వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగితే, అవి చెదలు పెంచుకునే బూజు తోటలని చెప్పారు. తొలకరికి పుట్ట మీద లేచే పుట్టగొడుగులు వాటివేనట. ఆ తోటల్ని సాకే కూలి చెదలకు కళ్లు కూడా ఉండవట.

ఇల్లు కట్టించిన మేస్త్రీ లేడు, గ్రాఫ్ కాగితం లేదు. ప్రతి చెదపురుగూ తన ముందున్న మట్టి ఉండ వాసన పట్టి, దాని పక్కన ఇంకో ఉండ పెడుతుంది, అంతే. మొత్తం పుట్ట ఎలా ఉండాలో వాటిలో ఒక్కదానికీ తెలియదు. మరి అల్లిక ఉంటే అల్లినవాడి తలలో బొమ్మ ఉండాలనే మాట ఇక్కడ ఏమైంది?

తర్కపాఠి

నల్లరేగడి గారూ, మీరు దిద్దించుకోవాల్సింది ఏమీ లేదు. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఎంచుకున్న ఉదాహరణ కూడా సరిగ్గా పుట్టే! మట్టితో చేసిన కుండను కుమ్మరి చేశాడు కాబట్టి మట్టి రూపాలన్నీ కుమ్మరివే అంటే, పుట్టను కూడా కుమ్మరే చేశాడనాలి అన్నాడాయన. ఆకారం అనే ఒకే మాట రెండు చోట్లా వాడినంత మాత్రాన రెండూ ఒకే జాతి వస్తువులు కావని ఆయన అభిప్రాయం. కుండను చూసి కుమ్మరి ఉన్నాడని అనుకోవడానికి మనం ఇంతకుముందు కుమ్మరుల్ని చూసి ఉండాలి. కొండలు చేసేవాణ్ని మనం ఎవరం చూశాం?

తర్కం భాషలో చెప్పాలంటే గొడవంతా వ్యాప్తి దగ్గరే, అంటే 'ఇది ఉన్నచోటల్లా అది ఉంటుంది' అనే నియమం దగ్గరే. పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో వందసార్లు చూశాం, అందుకే కొండ మీద పొగ చూసి నిప్పు ఉందంటాం. కార్యం ఉన్నచోట కర్త ఉంటాడన్నది కుండలూ ఇళ్లూ దాకా చూశాం. దాన్ని గడ్డిపరకకు చాచవచ్చా అన్నదే ప్రశ్న. పైగా మనం చూసిన ప్రతి కర్తకూ శరీరం ఉంది. శరీరం ఉన్నవాడు చేసిన పనికే ఆ నియమం సరిపోతుందేమో! దీన్నే ఉపాధి దోషం అంటారు. నైయాయికులు దీనికి జవాబు చెప్పారు, అవతలివాళ్లు మళ్లీ అడిగారు. వందల ఏళ్లు నడిచిన వాదం ఇది.

ఫిజిక్స్‌మాస్టారు

పడుగుపేక గారూ, జూనియర్ కాలేజీలో 22 ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. మీ అబ్బాయి అడిగిన ప్రశ్న ప్రతి ఏడూ ఒకరైనా అడుగుతారు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఒక పాత కథ. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ ఒకే దిక్కున, దాదాపు ఒకే తలంలో తిరుగుతాయి. ఇంత పద్ధతి వట్టి యాంత్రిక కారణాల వల్ల రాదు, దీని వెనక తెలివైన కర్త ఉన్నాడని న్యూటన్ 1713లో, తన ప్రిన్సిపియా గ్రంథం రెండో ముద్రణలో రాశాడు. గురుత్వాకర్షణ సూత్రం కనిపెట్టిన మనిషే అన్నాడు కాబట్టి తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. 1796లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ ఇంకో దారి చూపించాడు. తిరుగుతున్న పెద్ద వాయుమేఘం కుంచించుకుంటూ పళ్లెంలా చదునైతే, అందులోంచి పుట్టే గ్రహాలు ఒకే దిక్కున తిరగక మరేం చేస్తాయి? ఇప్పుడు పసి నక్షత్రాల చుట్టూ అలాంటి పళ్లేలను టెలిస్కోపులు ఫోటోలే తీస్తున్నాయి. న్యూటన్ 'ఇక్కడ దేవుడు' అని వేలు పెట్టి చూపించిన చోట ఒక ప్రక్రియ దొరికింది.

మీ పిండం సంగతీ కొంతవరకు ఇంతే. 1952లో గణితవేత్త అలన్ ట్యూరింగ్ ఒక లెక్క వేశాడు. ఒకదానిమీద ఒకటి పనిచేసే రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో పాకుతుంటే, మొదట అంతా సమంగా ఉన్న చోట వాటంతట అవే చుక్కలూ చారలూ ఏర్పడగలవు. ఎవరూ ముందుగా ముడి కట్టలేదు. మీ చిటికికీ దానికీ అదే తేడా. మీ గ్రాఫ్‌లో చిలుక ముందే పూర్తిగా ఉంది. పిండంలో ఎక్కడా మనిషి బొమ్మ గీసి లేదు. ప్రతి కణం పక్క కణం చెప్పే కబురు విని నడుచుకుంటుంది, నల్లరేగడి గారి చెదల్లాగే.

అయితే నేను ఇక్కడ ఆగను. నన్ను నిజంగా కదిలించేది ఇంకొకటి. కార్బన్ లేనిదే మనం లేం. అది నక్షత్రాల్లో మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే పుడుతుంది. రెండు కలిసి ఏర్పడే బెరీలియం కన్నుమూసి తెరిచేలోగా ఎన్నో కోట్ల సార్లు విడిపోగలంత అల్పాయుష్షుది. ఆ లోపే మూడోది వచ్చి చేరాలి. మామూలు లెక్కలో అది చాలినంత జరగదు. 1953లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్, కార్బన్ కేంద్రకానికి ఫలానా శక్తి దగ్గర ఒక ప్రత్యేక స్థాయి ఉండి తీరాలి, లేకపోతే ఇంత కార్బన్ ఉండదు అన్నాడు. కాలిఫోర్నియాలో ప్రయోగం చేస్తే నిజంగానే 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దొరికింది. మతం మీద నమ్మకం లేని హోయిలే తర్వాతి కాలంలో, ఏదో మహామేధస్సు భౌతికశాస్త్రంలో చెయ్యి పెట్టినట్టుందని రాశాడు. నిజం పూర్తిగా చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తాను: ఆ స్థాయి కొద్దిగా జరిగినా కార్బన్ బాగానే తయారవుతుందని 1989లో లెక్కలు వచ్చాయి. మొదట అనుకున్నంత సన్నటి దారేమీ కాదు అది. కానీ దారంటూ ఒకటి ఉంది, ఎందుకుంది?

గ్రహాల పద్ధతికి మేఘం కారణం. మేఘానికి గురుత్వ నియమం కారణం. ఆ నియమం ఎందుకు ఉంది, ఎందుకు ఇలాగే ఉంది, మనిషి బుర్రకు అందే గణితంలో ఎందుకు ఉంది? ఇది పాఠం చెప్పే ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. వాదన అంటూ ఉంటే దాని బలం ఇక్కడ ఉంది. వస్తువుల్లో కాదు, నియమాల్లో.

మంచుదేశం

మేం అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటాం. జనవరిలో ఇంటి వెనక చెరువు గట్టిపడితే, దానిమీద బండి నడిపించుకెళ్లి, గుండ్రంగా రంధ్రం తొలిచి చేపలు పడతారు. మొదటిసారి ఆ రంధ్రంలోకి తొంగి చూసినప్పుడు కింద నల్లటి నీళ్లు కదులుతున్నాయి. పైన మైనస్ 20, కింద చేపలు బతికే ఉన్నాయి. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువెక్కి అడుగుకు చేరతాయి, మంచు తేలిక కాబట్టి పైన కప్పులా నిలుస్తుంది. చాలా ద్రవాలు గడ్డకడితే మునుగుతాయి. నీళ్లే ఇలా ఎందుకు? మాస్టారు చెప్పినట్టు దానికీ ఓ కారణం ఉంటుంది, అణువుల అమరిక. కానీ ఆ రంధ్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు నాకు కారణం గుర్తు రాలేదు. చేతులు జోడించాలనిపించింది. దాన్ని వాదన అనను.

రాత్రిడ్యూటీ

కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను. కన్ను ఎంత గొప్ప డిజైనో అని రోగులు రోజూ అంటారు, నేనూ కాదనను. కానీ ఇది చేసి చూడండి. తెల్ల కాగితం మీద ఎడమవైపు ఒక గుణకారం గుర్తు, దానికి 8 సెంటీమీటర్ల కుడివైపు ఒక నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడికంటితో గుణకారం గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. మన కంట్లో నరాల పోగులు వెలుతురు పడే పొరకు ముందువైపున ఉంటాయి. అవన్నీ కలిసి వెనక్కి పోవడానికి పొరలోనే ఒక రంధ్రం కావాలి, అక్కడ చూపు లేదు. ఆక్టోపస్ కంట్లో పోగులు వెనకవైపే ఉంటాయి, దానికి ఈ గుడ్డిచుక్క లేదు.

వంకలు పెట్టడానికి రాయడం లేదు. అవయవాల్ని చూపించి వాదిస్తే ఇలాంటివీ లెక్కలోకి వస్తాయి. పాతదాన్నే మార్చుకుంటూ వచ్చిన కథ ఇందులో కనిపిస్తుంది, కొత్తగా గీసిన పటం కాదు. నేను దేవుణ్ని నమ్ముతాను. కానీ కంటిని సాక్ష్యానికి పిలవను.

కర్నూలుకలం

అస్సలాము అలైకుం అందరికీ. మా దగ్గర కూడా ఈ చర్చ పాతదే. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కుర్తుబా నగరానికి చెందిన తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ దీన్ని 'ఇనాయా' వాదం అన్నాడు. ఇనాయా అంటే కనిపెట్టుకుని చూడడం. పగలూ రాత్రీ, రుతువులూ, వాననీరూ మనిషి బతుక్కి తగ్గట్టు ఉన్నాయి, ఇది అనుకోకుండా కుదిరింది కాదు అన్నాడు. నాకు ఆ మాట నచ్చడానికి కారణం మా నానీ, అమ్మమ్మ. ఆమెకు చదువు రాదు. గిన్నెలో బియ్యం కడిగేటప్పుడు "ఒక్క గింజ కోసం ఎన్ని పనులు జరిగాయో చూడు" అనేది. చేసినవాడి తెలివి కంటే, చేసినవాడి శ్రద్ధ ఆమెకు కనిపించేది.

దివిసీమబిడ్డ

కనిపెట్టుకుని చూడడం అన్నారు కాబట్టి రాస్తున్నాను. 1977 నవంబరు 19. మా అమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. దివిసీమలో ఉప్పెన వచ్చిన రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఆమె అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ బతకలేదు. ఆ ఒక్క రాత్రి వేలమంది పోయారు. తెల్లారాక పొలాల్లో మనుషులూ పశువులూ కలిసి పడి ఉన్నారని చెబుతుంది, ఇప్పటికీ గాలి ఎక్కువైతే తలుపులన్నీ వేసి ఒక మూల కూర్చుంటుంది.

తుఫాను క్రమం లేని వస్తువా? శాటిలైట్ ఫోటో చూడండి, కంపాస్‌తో గీసినట్టుంటుంది. వేడెక్కిన సముద్రం, పైకి లేచే తేమ, భూమి తిరగడం వల్ల గాలికి వచ్చే వంపు, అన్నీ మాస్టారు చెప్పిన నియమాలే. మన వైపు తుఫాను ప్రతిసారీ గడియారం ముల్లుకు ఎదురుగానే తిరుగుతుంది, ఒక్కసారి కూడా తప్పదు. చేపల్ని కాపాడిన క్రమంలో మీకు చేసినవాడి శ్రద్ధ కనిపిస్తే, మా అమ్మమ్మను తీసుకెళ్లిన క్రమంలో ఏం కనిపించాలి? మంచి జరిగిన చోట క్రమాన్ని లెక్కలోకి తీసుకుని, ఇక్కడ మాత్రం లీల అంటే నేను ఒప్పుకోలేను.

కర్నూలుకలం

మీ అమ్మగారి గురించి చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నా దగ్గర జవాబు లేదు. నానీ మాట వెనక్కి తీసుకోను, కానీ దాన్ని మీ ముందు రుజువుగా పెట్టను.

తర్కపాఠి

దివిసీమబిడ్డ గారూ, ఈ ప్రశ్న బ్రహ్మసూత్రాల్లోనే ఉంది. లోకంలో ఇంత హెచ్చుతగ్గులు, ఇంత దుఃఖం ఉంటే దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటవా అని. శంకరుల భాష్యం వానను ఉదాహరణగా చెబుతుంది. వాన అందరి పొలం మీదా ఒకేలా పడుతుంది, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి, అలాగే ఫలం జీవుల కర్మను బట్టి అని. తొమ్మిదేళ్ల పిల్ల ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెప్పాను.

ఇంకో సంగతి ఈ చర్చకు చాలా అవసరం. ఈ అనుమాన వాదాన్ని, అంటే కార్యాన్ని చూసి కర్తను ఊహించే వాదాన్ని, గట్టిగా కొట్టినవాళ్లలో బౌద్ధులే కాదు, రామానుజులు కూడా ఉన్నారు! బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో ఆయన అడుగుతారు: కార్యమైతే కర్త ఉండాలన్నారు సరే, ఒక్కడే ఉండాలని ఎక్కడుంది? మేడలూ గోపురాలూ ఎందరో కలిసి, వేర్వేరు కాలాల్లో కడుతున్నారు కదా? కుండను బట్టి ఊహిస్తే మీకు దొరికేది కుమ్మరి లాంటివాడే, పరమాత్మ కాదు. బ్రహ్మం అనుమానానికి అందదు, శాస్త్రమే, అంటే వేదమే, దానికి ప్రమాణం అని తేల్చారు. నారాయణుడి మీద అంత భక్తి ఉన్న మనిషి ఈ వాదాన్ని పక్కన పెట్టేశాడంటే, ఇది పడిపోతే భక్తి పడిపోతుందని మనం భయపడక్కర్లేదు.

నల్లరేగడి

మాస్టారు నియమాల గురించి అడిగింది నా బుర్రలో తిరుగుతోంది. 'నియమం' అనగానే నియమించినవాడు ఎవరని అడగాలనిపిస్తుంది. అది మాటలో ఉన్న చిక్కేమో? మా పెద్దలు 'నిప్పు ధర్మం కాల్చడం' అనేవారు. నిప్పుకు ఎవరో హుకుం ఇచ్చారని కాదు, నిప్పంటేనే అది. ముల్లుకు మొన ఎవరు చెక్కారు, నెమలికి రంగులు ఎవరు వేశారు, అది వాటి స్వభావం అని పాత స్వభావవాదులు అన్నారని విన్నాను. ధర్మం అంటే ప్రశ్న ఆగిపోతుంది, నియమం అంటే మొదలవుతుంది.

ఫిజిక్స్‌మాస్టారు

బాగా పట్టుకున్నారు. నిజాయితీగా చెప్పాలంటే, ఈ రెండిట్లో ఏది సరైనదో తేల్చే ప్రయోగం నా ల్యాబ్‌లో లేదు. స్వభావం అని ఆగినవాడికి 'స్వభావం ఇలాగే ఎందుకు' అని మిగులుతుంది. కర్త ఉన్నాడన్నవాడికి 'కర్త అలా ఎందుకు ఉన్నాడు' అని మిగులుతుంది. నేను రెండో వైపు మొగ్గుతాను. మొగ్గు అనే అంటున్నాను, రుజువు అనడం లేదు. మా పక్క గదిలో లెక్కలు చెప్పే ఆయన మొదటి వైపు. ఇద్దరం ఒకే క్యారియర్‌లో తింటాం.

పడుగుపేక

అందరివీ మావాడితో కలిసి చదివాను. కొన్ని రెండుసార్లు. కంటి పరీక్ష ఇద్దరం చేశాం, చుక్క నిజంగానే పోయింది. దివిసీమ దగ్గరికి వచ్చేసరికి వాడు చదవడం ఆపి బయటికెళ్లి కూర్చున్నాడు.

నా వాదం నేను అనుకున్నంత గట్టిది కాదని అర్థమైంది. ముఖ్యంగా ట్యూరింగ్ సంగతి. నిన్న మగ్గం మీద ఉన్న చీర చూస్తూ ఒకటి గమనించాను, 30 ఏళ్లుగా కళ్లముందే ఉన్నదే. ఎంత బిగించి కట్టినా రబ్బరు కింద అంచుల్లోకి కాస్త రంగు పాకుతుంది. అందుకే మా డిజైన్ అంచులు కత్తిరించినట్టు ఉండవు, ఈకలాగా మసకగా ఉంటాయి. చేతి పని అని గుర్తుపట్టేవాళ్లు ఆ మసకనే చూస్తారు. ఆ మసక నేను గీసింది కాదు, నా గ్రాఫ్‌లో లేదు. నీళ్లూ నూలూ రంగూ తమ ధర్మం ప్రకారం చేసుకున్నది. చిలుక నాది, దాని చుట్టూ ఉన్న మెత్తదనం నాది కాదు. రెండూ ఒకే చీరలో ఉన్నాయి. దీన్నిబట్టి ఏం తేలుతుందో నాకు తెలియదు.

మావాడికి ఇదే చూపించాను. వాడు అంచు మీద వేలు పెట్టి "మరి ఈ ధర్మం ఎక్కడిది నాన్నా?" అన్నాడు. దీపం సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. నేను మాత్రం రోజూ లాగే పెట్టాను.

మాస్టారూ, హోయిల్ గురించి ఇంకా వివరంగా చెప్పమంటున్నాడు. మూడు హీలియంలు కలవడం బొమ్మ గీసి పెట్టగలరా? వాడు సోమవారం హాస్టల్‌కి వెళ్లిపోతాడు.